వెలుతురు చూడని అంగీ

పోయిన వారం పెద్దక్కని లాండ్రీ గుమ్మంలో, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఆవిడ అక్కడే ఉంది, కోపమూ అక్కడే ఉంది. ఎదురుగా మెట్టు మీద, చంకలో చిన్న సంచీతో ఆవిడ తమ్ముడు. వీధి మొత్తానికీ అతను కుక్కర్. పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. కాసేపు బుసబుస, తర్వాత కూత, ఆ కూత వినపడగానే ఇంట్లోవాళ్ళు ఎటు పరిగెత్తాలా అని చూసుకోవడం. రెండేళ్ళ కిందట ఇదే లాండ్రీలో, చొక్కా కాలరు సరిగ్గా మడవలేదన్న పాటి దానికి, కాలుతున్న ఇస్త్రీపెట్టెను పెళ్ళాం మీదికి విసిరాడు మహానుభావుడు. ఆ పిల్ల కుడిచెయ్యి మోచెయ్యి నుంచి మణికట్టు దాకా కాలింది. ఆ రోజే పెద్దక్క తమ్ముణ్ణి బయటికి గెంటి, మరదల్నీ మేనకోడల్నీ తన పై వాటాలో పెట్టుకుంది.

ఇప్పుడా కుక్కర్ బాప్తిస్మం పుచ్చుకుని, బ్రదర్ అయిపోయి తిరిగొచ్చాడు. పోయిన ఆదివారం చర్చిలో లేచి, దేవుడు తనని ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, "అమ్మాయినీ బిడ్డనీ మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళే విషయం వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. ఆ ఆదివారం రేపే. వెళ్తుందో, ఇక్కడే ఉంటుందో మరదలు రేపు నోరు విప్పి చెప్పాలి.

"ఒక్క రోజు పని చెయ్యనివ్వక్కా" అన్నాడు కుక్కర్ మెట్టు మీద నుంచే. "రేపటి బాప్తిస్మాలకి చర్చి అంగీలు వచ్చాయటగా. ఉతుకు నేను చూసుకుంటా."

పెద్దక్క సరేననలేదు, పొమ్మననూ లేదు. పక్కకి జరిగింది.

జరిగింది కదా, మనసు కరిగిందనుకునేరు! అంత తేలిగ్గా కరిగే మనసైతే ఆవిడ పెద్దక్క ఎందుకవుతుంది? ఆవిడ లెక్క వేరు. వీడు నా తమ్ముడు, నేను ఎత్తుకుని పెంచినవాడు, వీడి మూత ఎంతసేపు ఆగుతుందో నాకు తెలీదా? సాయంత్రం లోపు వీడు పేలాలి. మరదలు కళ్ళముందే పేలాలి. పేలితే రేపు పాస్టరుగారి ముందు ఎవరూ ఏమీ మాట్లాడక్కర్లేదు. పేలకపోతే పేలేదాకా నేనే మంట పెంచుతా. ఇదీ ఆవిడ మనసులో మాట. మరదల్నీ పిల్లనీ కాపాడుకోవడానికే అనుకుంది. నిజంగానే అలా అనుకుంది కూడా.

"ఇస్త్రీపెట్టె మాత్రం నీ చేతికివ్వను" అంది. "నేను చచ్చినా ఇవ్వను. గుర్తుపెట్టుకో."

"అడగను" అన్నాడతను.

పొద్దుటి నుంచీ మొదలుపెట్టింది. నీళ్ళు ఎక్కువయ్యాయంది, పారబోయించింది. సబ్బు తక్కువైందంది, మళ్ళీ నానబెట్టించింది. జాడించిన బట్టనే ఇంకోసారి జాడించమంది. "బ్రదర్ గారూ, ఆ చేతులు స్తోత్రం చెప్పడానికేనా, పిండటానికి కూడా పనికొస్తాయా?" అంది. కుక్కర్ తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని పిండుతూనే ఉన్నాడు. మరదలు గోడ వార బల్ల దగ్గర గుండీలు కుడుతూ తల ఎత్తలేదు. ఆమె కూతురు, పిచ్చుకంత ఉంటుంది కాబట్టి అందరూ పిచ్చుకనే పిలిచే పిల్ల, ఉతకాల్సిన బట్టల బుట్టల మధ్య దూరి తనలో తను ఏదో ఆడుకుంటోంది.

మధ్యాహ్నం అయ్యేసరికి అంగీలన్నీ పెరట్లో దండెం మీద నుంచి లోపలికొచ్చాయి. పెద్దక్క ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది. ఆ బల్ల మీద ఇస్త్రీపెట్టె బరువు మామూలుది కాదు. పైన కప్పుకి కట్టిన కొక్కెం నుంచి వైరు వేలాడుతుంటుంది. పెద్దక్క మణికట్టుకి తప్ప ఇంకెవరికీ అది అంత సులువుగా తిరగదు.

ఈ లాండ్రీలో ఒక పద్ధతుంది. పెద్దక్క నాన్న పెట్టింది. తెల్లబట్ట ఏదైనా సరే, ఇస్త్రీ చేసేవాళ్ళు దాన్ని ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, రెండు చేతులా చాపి పట్టుకుని వెలుతురు చూడాలి. పళ్ళరసం లాంటి మరకలు తడిలో పోయినట్టే ఉంటాయి. కంటికి కనపడవు. వాటి మీద వేడి పడిందా, గోధుమరంగులో లేస్తాయి. అలా లేచిన మరక ఇక ఆ బట్ట చిరిగేదాకా పోదు. అందుకే అనుమానం ఉన్న బట్టని కిటికీ పక్క మేకుకి తగిలిస్తారు. మేకుకున్నది మళ్ళీ ఉతుక్కి వెళ్ళాలని అర్థం. దాన్ని బల్ల మీదికి ఎవరూ తేరు. నాన్న పోయినా ఈ పద్ధతి పోలేదు. పెద్దక్క పోనివ్వలేదు.

మొదటి అంగీకి వెలుతురు చూసింది, ఇస్త్రీ చేసింది, మడత పెట్టింది. రెండోదీ అంతే. ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి.

"ఒరేయ్, ఒక్క మాట అడుగుతా చెప్పు" అంది పెట్టె ఆపకుండా. "నీ సాక్ష్యంలోకి దాని చెయ్యి ఎందుకొచ్చింది రా?"

కుక్కర్ తొట్టి కడుగుతున్నవాడు ఆగాడు. "జరిగింది చెప్పాలి కదక్కా."

"ఎవరికి జరిగింది? నీకా? కాలింది నీ చెయ్యా? మైకు పట్టుకుని, నా భార్య చెయ్యి కాల్చాను, దేవుడు నన్ను క్షమించాడు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నావే, ఆ చెయ్యి ఉన్న మనిషి వెనక బెంచీలో కూర్చుంది. జనమంతా మెడలు తిప్పి దాన్ని చూస్తే చీర కొంగు మణికట్టు దాకా లాక్కుంది. చూశావా? అడిగావా దాన్ని, నీ సంగతి చెప్పుకోనా అని? దేవుడి దగ్గరికి వెళ్ళావ్, పాస్టరుగారి దగ్గరికి వెళ్ళావ్, మైకు దగ్గరికి వెళ్ళావ్. దాని దగ్గరికి వచ్చి, తప్పయిపోయిందే అని ఒక్క ముక్క అన్నావట్రా?"

గుండీ కుడుతున్న సూది ఆగిపోయింది. మరదలు తల ఎత్తకుండానే అంది.

"అనలేదు వదినా. సంఘం మొత్తం విన్నది. నేనే వినలేదు."

ఆ గొంతులో ఏడుపు లేదు. కోపం ఉంది. రెండేళ్ళ నుంచి దాచిన కోపం.

కుక్కర్ తొట్టి వదిలేసి లేచాడు. చేతుల నిండా నురగ. "అనలేదు" అన్నాడు. "ధైర్యం చాల్లేదు. అంతమంది ముందు చెప్పడం తేలికైంది. నీ ముందు..." అని పెళ్ళాం వైపు చూడబోయి, నేల చూశాడు. "నీ ముందు కష్టమైంది. ఇంకో సంగతీ చెప్పాలి. సాక్ష్యంలో, నాలో పాత మనిషి చచ్చిపోయాడని చెప్పాను చూడు, అది అబద్ధం. చావలేదు."

పెద్దక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి మరీ వింది. "ఏవిటీ?"

"చావలేదక్కా. నీళ్ళల్లో ముంచి లేపితే అయిపోయిందనే నేనూ అనుకున్నా. ఆ సాయంత్రమే బస్సులో ఎవడో కాలు తొక్కాడు. వాడి కాలరు పట్టుకున్నా. జుట్టు ఇంకా ఆరనే లేదు. పొద్దున నాకంటే ముందే లేస్తాడు ఆ పాత మనిషి. రోజూ కూర్చోబెట్టాలి. ప్రభువా, వీణ్ణి పట్టుకో అని రోజూ అడుక్కోవాలి. ఒక్కోరోజు కూర్చుంటాడు. ఒక్కోరోజు నన్ను పడేసి తొక్కుతాడు. మర్నాడు మళ్ళీ మొదటికి. అంతేగానీ అయిపోలేదు. ఇంకా జరుగుతూ ఉంది."

"విన్నావా పిల్లా!" మరదలి వైపు తిరిగిన పెద్దక్క మొహం వెలిగిపోయింది. "వాడి నోటితో వాడే చెప్పాడు! నయం కాలేదట! ఇంకా లోపల ఉన్నాడట! ఇలాంటివాడి వెంట ఎలా పంపుతారు రా నా మరదల్ని? నాకూ అయింది రక్షణ, నా పాపాలూ కడిగాడు దేవుడు. నీలా నిన్నామొన్నా కాదు, పదహారో ఏట. ఆ రోజుతో నా లెక్క తేలిపోయింది. ముందు బెంచీ దిగలేదు, పాట ఎత్తడం మానలేదు, మళ్ళీ వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన అవసరం రాలేదు. అదీ రక్షణంటే! రోజూ కూర్చోబెట్టాలట, లేపాలట. ఏం, చంటిపిల్లాడా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పెద్దక్కకి కోపం అని చర్చిలో ఎవరూ అనరు. పెద్దక్క కచ్చితమైన మనిషి అంటారు. పాట తప్పు పాడిన పిల్లల చెవులు మెలిపెడితే కచ్చితం. పాస్టరుగారి భార్యని నలుగురిలో గద్దిస్తే కచ్చితం. ఇంట్లో గిన్నె ఎత్తి విసిరేస్తే అదీ కచ్చితమే. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో మగవాడిది కోపం, ఆడదానిది కచ్చితం అయి కూర్చుంది. ఆ మాట ఆవిడకి బాగా సుఖంగా ఉండేది.

"ఇంకా విను" అంది. ఆగే స్థితి దాటిపోయింది. చేతికందిన అంగీ లాగి బల్ల మీద పరిచి, పెట్టె అందుకుని, మాటకో తోపు తోస్తోంది. "నీ కూతురు నిన్ను నాన్నా అని పిలిచి ఎన్నాళ్ళయిందో తెలుసా? నీ గొంతు వింటే దానికి జ్వరం వచ్చేది. నువ్వు బ్రదరువి కావచ్చు, పాస్టరువే కావచ్చు, ఆ పిల్లకి నువ్వు తండ్రివి కావు. ఎప్పటికీ కావు. తండ్రినని చెప్పుకోవడానికి సిగ్గుండాలి!"

కుక్కర్ చెవులు ఎర్రబడ్డాయి. అందరూ చూశారు. ముక్కుపుటాలు అదిరాయి. తొట్టి అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆ బుస ఈ ఇంట్లో అందరికీ తెలిసిన బుసే. మరదలు సూది బల్లకి గుచ్చి లేచి నిలబడింది. పెద్దక్క ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసింది. వచ్చేసింది, ఇదిగో వచ్చేసింది అనుకుంది.

కుక్కర్ గిరుక్కున తిరిగి పెరట్లోకి నడిచాడు. కుళాయి తిప్పి, తల మొత్తం దాని కింద పెట్టేశాడు. అక్కడే చాలాసేపు ఉండిపోయాడు. పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో వినపడలేదు. తర్వాత చొక్కా అంచుతో మొహం తుడుచుకుంటూ లోపలికొచ్చి, "నిజమేనక్కా, ఇప్పటికి కాను" అని మళ్ళీ తొట్టి దగ్గర కూర్చున్నాడు.

అప్పుడు చూడాలి పెద్దక్క మొహం! పెంచిన తమ్ముడు పేలకుండా ఆగాడంటే ఏ అక్కకైనా ప్రాణం లేచి రావాలి. ఈవిడకి ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి నుంచీ వేసిన కట్టెలన్నీ వృథా అయిపోయాయి. ఇంత నటన ఎక్కడ నేర్చాడు వీడు? నా ముందా?

ఆ మంటలో బల్ల మీదికి చూసింది. చూసి నోరు తెరిచేసింది.

పెట్టె కింద అంగీ రొమ్ము మీద, అరచేయంత మేర గోధుమరంగు మరక. చూస్తుండగానే చిక్కబడుతోంది. అన్నిట్లోకీ పొడుగాటి అంగీ అది. కుక్కర్ బాప్తిస్మం రోజున వేసుకున్నది. నీళ్ళల్లోంచి లేచాక అదే అంగీతో రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ రసం మీద ఒలకబోసుకున్నాడు. ఆ సంగతి చర్చి అంతటికీ తెలుసు.

"చూశావట్రా!" పెద్దక్క అంగీని ఒక చేత్తో ఎత్తి దులిపింది. "చూశావా నీ బతుకు! ఇదీ నీ ఉతుకు! పైకి తెల్లగా మెరిసిపోతోంది, లోపల మరక అలాగే ఉంది. నీ రక్షణా ఇంతే, నీ సాక్ష్యమూ ఇంతే! రేపు పొద్దున ఇది ఎవరికి తొడుగుతారు? నాన్న పేరు, లాండ్రీ పేరు, అన్నీ మంటగలిపావు కదరా! పిల్లా, ఇటు రా, ఇది చూసి అప్పుడు చెప్పు రేపు వీడి వెంట వెళ్తావో లేదో!"

కుక్కర్ అంగీని చూశాడు. కిటికీ వైపు చూశాడు. మళ్ళీ తొట్టి వైపు తిరిగాడు.

"మాట్లాడవేం? ఉతికింది నువ్వు కాదూ?"

"నేనే అక్కా."

"మరి?"

"మళ్ళీ ఉతికి చూస్తా. ఇలా ఇవ్వు."

"మళ్ళీ ఉతికితే పోతుందా ఇది? వేడి పడ్డాక పోతుందా? ఏం మాట్లాడుతున్నావ్ రా?"

"ఆ అంగీ ఇందాక మేకుకి ఉంది వదినా" అంది మరదలు.

ఆ గొంతు పెద్దది కాదు. కానీ పెద్దక్క అరుపు దాని ముందు ఆగిపోయింది.

"ఏంటీ?"

"మేకుకి ఉంది. ఆరాక కిటికీ దగ్గర పట్టుకుని చూసి, మరక ఇంకా ఉందని ఆయనే తగిలించారు. నేను చూశాను. మీరు ఆయన్ని తిడుతూ తిడుతూ చెయ్యి చాపి దాన్ని మేకు మీంచి లాగారు. వెలుతురు చూడలేదు. మొదటి రెండూ చూశారు, తర్వాత ఒక్కటీ చూడలేదు. మీ ధ్యాస అంగీల మీద లేదు."

పెద్దక్క కిటికీ వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది.

ఈ చేత్తో నేనే లాగానా? లాగాను. చెయ్యి జ్ఞాపకం తెచ్చుకుంది. నాన్న పోయిన నాటి నుంచీ ఒక్కసారంటే ఒక్కసారి తప్పని పద్ధతి, తన చేత్తో తనే తప్పింది. అది తెలిసి కూడా వీడు నోరెత్తలేదు. నేనే అక్కా అన్నాడు. ఉతికింది నేనే అని నిజమే చెప్పి, నన్ను కాచాడు. నన్ను! వీడు! సిగ్గు అరికాలి నుంచి నెత్తికెక్కింది. సిగ్గుపడటం తెలియని మనిషికి సిగ్గు వస్తే అదీ కోపంగానే వస్తుంది.

"నాకే చెప్పొచ్చావా?" అని గావుకేక పెట్టింది. ఆ కేక తమ్ముడి మీదో, మరదలి మీదో, ఖాళీ మేకు మీదో ఆవిడకే తెలీదు. "నా ఇంట్లో ఉంటూ, నా కూడు తింటూ, నాకే చెప్పేంతదానివయ్యావా? మొగుడు రెండు మంచి మాటలాడేసరికి వాడి పక్షం చేరావా?"

కేకతో పాటు చెయ్యి కూడా లేచింది. ఖాళీ చెయ్యి కాదు. పైన వైరు కొక్కెం దాకా బిగుసుకుంది. కాలుతున్న ఇస్త్రీపెట్టె పెద్దక్క భుజం మీదుగా గాల్లో ఉంది.

మరదలు కుడిచెయ్యి తనంత తానుగా మొహానికి అడ్డం వచ్చింది. మచ్చ ఉన్న చెయ్యి. రెండేళ్ళ కిందట కూడా సరిగ్గా ఇలాగే అడ్డం వచ్చింది కాబట్టే మొహం దక్కింది.

బుట్టల మధ్య నుంచి సన్నని గొంతు వినిపించింది.

"అత్తా, ఇప్పుడు నువ్వు విసురుతావా?"

పిచ్చుక. మోకాళ్ళు గుండెకి హత్తుకుని, రెండు బుట్టల సందులో ఒదిగి కూర్చుంది. ఏడవడం లేదు. ఎక్కడ కూర్చుంటే తగలదో దానికి ముందే తెలుసు. తెలుసుకోవడానికి మాత్రమే అడిగింది.

పెద్దక్క పిల్ల వైపు చూసింది. చెయ్యి దించాలనుకుంది. దిగలేదు. ఎత్తిన చెయ్యి కొయ్యబారిపోయింది. పెట్టె అంచు నుంచి సెగ చెంపకి తగులుతోంది. పదహారో ఏట తేలిపోయిన లెక్క, ముందు బెంచీ, ఎత్తిన పాటలన్నీ ఎక్కడికి పోయాయో ఏమో. ఆ గదిలో మిగిలింది కాలుతున్న ఇనప పెట్టె పట్టుకున్న ఒక ఆడమనిషి, ఆమెను చూసి బుట్టల్లో దాక్కున్న ఒక పసిపిల్ల.

మరదలు వెళ్ళి పిల్లని బుట్టల సందులోంచి పైకి తీసింది. భుజాన వేసుకుంది. చెప్పులు వేసుకుంది. వీధి గుమ్మం దాకా వెళ్ళి ఇటు తిరిగింది.

"రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే చెప్తున్నా" అంది. "ఆయన వెంట వెళ్ళను. ఇక్కడా ఉండను. ఒకరి రక్షణ అయిపోయిందట, ఒకరిది ఇంకా జరుగుతోందట. మీ ఇద్దరి మధ్యా కాలేది నేనూ నా కూతురూనా? ఎక్కడికని అడక్కండి. నాకూ తెలీదు. పెట్టె ఎగరని ఇల్లు ఎక్కడైనా ఉంటే అక్కడికి."

అలా అని గడప దాటబోయింది.

"ఒక్క నిమిషం ఆగు" అన్నాడు కుక్కర్. పెళ్ళాంతోనే అన్నాడు, కానీ ఆమె వైపు వెళ్ళలేదు. తొట్టి దగ్గర నుంచి లేచి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, మెల్లగా ఇస్త్రీ బల్ల వైపు వచ్చాడు. అక్కకి రెండడుగుల దూరంలో ఆగాడు. చెయ్యి చాపాడు.

"అక్కా" అన్నాడు. "అదెలా ఉంటుందో నాకు తెలుసు. దించాలనుకుంటావు, చెయ్యి మాట వినదు. నీ వల్ల కాదు. ఆ పెట్టె ఇలా నా చేతికివ్వు."

గుమ్మంలో మరదలు ఆగింది. భుజం మీద నుంచి పిచ్చుక తల ఎత్తి చూసింది.

చచ్చినా ఇవ్వనని పొద్దున అన్న పెట్టె. ఈ గదిలోనే, ఈ చేత్తోనే విసిరిన మనిషి. పెద్దక్క ఆ చాపిన చేతిని చూసింది, తమ్ముడి కళ్ళల్లోకి చూసింది, గుమ్మంలో తల్లి మెడ కరుచుకున్న పిల్లని చూసింది. పైన కొక్కెం కిర్రుమంది. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటిగా సడలడం మొదలైంది.